గురి తప్పవచ్చు, మూతి తిరగకూడదు



తుపాకి పట్టుకోవడం పాపమా అన్న ప్రశ్న మన సత్యోపదేశ తరగతుల్లో సాధారణంగా వినిపించదు. మిరపకు ధర, పత్తికి పురుగు, బట్టీల్లో పని, పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు - ఇవే పల్నాటి కతోలిక కుటుంబాల చింతలు. అయినా ఆ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చింది. పిడుగురాళ్ల విచారణకు చెందిన ఒక తల్లి ఆ మధ్య ఆదివారం దివ్యపూజ అయ్యాక దీన్ని నన్ను అడిగింది. ఆమె కుమారుడు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. తోటి ఉద్యోగులు పిలిస్తే, చిన్న తుపాకితో ఉక్కు పలకలను కొట్టే పోటీకి మొదటిసారి వెళ్లాడు. ఆ సంగతి ఫోనులో ఎంతో సంబరంగా చెప్పాడట. "వాడు నవ్వుతూ చెబుతున్నాడు గాని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు ఫాదర్ గారూ. వాడు పూజ మానడు, జపమాల మానడు. మరి వాడి చేతికి తుపాకి ఎందుకు వచ్చినట్టు? ఇది పాపం కిందికి వస్తుందా?" అని ఆమె అడిగింది.

అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పి పంపడం తేలిక. కాని ఆ తల్లి భయానికీ గౌరవం ఇవ్వాలి, ఆ బిడ్డ మనస్సాక్షికీ గౌరవం ఇవ్వాలి. కనుక ఈ వారం దీన్ని కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

ఆ ఆట ఏమిటి?

తెలియని దానిపై తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఆ కుర్రవాడు పట్టినది పాయింట్ 22 తుపాకి. తూటా లావు అంగుళంలో నూటికి 22 వంతులు, అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు. దీన్ని రిమ్‌ఫైర్ తూటా అంటారు. తూటా అడుగున ఉండే అంచులోనే నిప్పు పుట్టించే మందు ఉంటుంది. తుపాకిలోని ముల్లు ఆ అంచును కొట్టగానే తూటా పేలుతుంది. చప్పుడు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ తక్కువ, ఖర్చు కూడా తక్కువ. అందుకే కొత్తగా నేర్చుకునేవారికి దీన్నే ఇస్తారు. మన కళాశాలల్లో ఎన్.సి.సి.లో చేరిన పిల్లలు శిక్షణలో పేల్చేదీ ఈ 22 రైఫిలే.

ఉక్కు పలకల పోటీ 1981లో కాలిఫోర్నియాలో "స్టీల్ ఛాలెంజ్" అనే పేరుతో మొదలైంది. ఒక్కో ఏర్పాటులో ఐదు పలకలు ఉంటాయి. కొన్ని 10, 12 అంగుళాల గుండ్రటి పలకలు, కొన్ని 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు గల పలకలు. వాటిని 7 గజాల నుంచి 35 గజాల దూరం దాకా నిలబెడతారు. టైమరు కూత పెట్టగానే నాలుగు పలకలను కొట్టి, ఐదోదాన్ని చివరగా కొట్టాలి. ఆఖరి చప్పుడుతో గడియారం ఆగుతుంది. సెకనులో నూరోవంతు దాకా లెక్క కడతారు. తగలని పలకకు 3 సెకన్లు శిక్షగా కలుపుతారు. మామూలుగా ఒక్కొక్కరికి ఐదుసార్లు అవకాశం ఇచ్చి, అందులో అన్నిటికన్నా చెడ్డదాన్ని లెక్కలోంచి తీసివేస్తారు.

మన తెలుగు నేలకు కూడా ఈ విద్య కొత్త కాదు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ పోటీలోనూ వాడేది ఈ 22 తూటాయే. అందులో సగభాగం వేగానికి పరీక్ష. లక్ష్యం 3 సెకన్లు మాత్రమే కనబడుతుంది, ఆ లోపల చేయి ఎత్తి ఒక్క గుండు పేల్చాలి. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె ఈ పోటీలో జట్టుతో స్వర్ణం, ఒంటరిగా రజతం తెచ్చింది. ఆ రోజు మనమందరం చప్పట్లు కొట్టాం. ఇది పాపమా అని అప్పుడు ఎవరూ అడగలేదు. మనకు పతకం కనబడింది గాని తుపాకి కనబడలేదు. ఆ తల్లికి మాత్రం తుపాకే కనబడింది. ఈ రెండు చూపుల్లో ఏది సరైనది?

వస్తువుదే తప్పా?

కొందరు వెంటనే, "వస్తువుదేముంది, మనిషి మంచివాడైతే చాలు" అంటారు. ఇందులో సగం నిజం ఉంది. మన ఊరి పేరులోనే పిడుగు ఉంది. సున్నపురాయి క్వారీల్లో మందు పేల్చితేనే రాయి పగులుతుంది. ఆ రాయి బట్టీల్లో కాలి సున్నమవుతుంది. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. పేలే వస్తువులన్నీ పాపమైతే పిడుగురాళ్లలో సగం ఊరు పాపసంకీర్తనానికి వరుస కట్టాలి. పేలుడు మందుతో పనిచేసేవారికీ గని కార్మికులకూ శ్రీసభ పునీత బార్బరమ్మను పాలక పునీతురాలిగా ఇచ్చింది. చేతిలోని ప్రమాదాన్ని చూసి శ్రీసభ మనిషిని దూరం పెట్టలేదు, ప్రార్థన నేర్పింది.

అయినా మిగిలిన సగం నిజాన్ని మరచిపోరాదు. 22 తూటా చిన్నదని ఎవరూ దాన్ని బొమ్మగా భావించకూడదు. 1968 జూన్ 5న లాస్ ఏంజిలిస్ నగరంలో ఒక హోటలు వంటశాల దారిలో కతోలిక నాయకుడు రాబర్ట్ కెన్నెడీని పడగొట్టినది 22 రివాల్వరే. నేలపై పడివున్న ఆయన చేతిలో, ఆ హోటల్లో పనిచేసే పదిహేడేళ్ల కుర్రవాడు తన జపమాలను పెట్టాడు. మరునాడు ఆయన కన్నుమూశాడు. పిల్లలకు నేర్పడానికి మెత్తనిదని ఎంచుకున్న తూటా ఒక పెద్ద కుటుంబాన్ని తండ్రిలేనిదిగా చేసింది. పేలుడు మందు కక్షల చేతికి చిక్కితే నాటుబాంబు అవుతుంది. పల్నాడు ఆ దుఃఖాన్ని కూడా చూసింది.

కాబట్టి వస్తువును చూసి "పాపం" అనలేము. "వస్తువేగా" అని వదిలేయనూ లేము. ఆ వస్తువును పట్టిన గంటసేపట్లో మనిషి హృదయం ఏం నేర్చుకుంటోంది అన్నది చూడాలి. ఇక్కడే ఆ కుర్రవాడు తల్లికి చెప్పిన విషయాలు నాకు ఆలోచన పుట్టించాయి.

మొదటి రోజు పాఠం

కూత వినబడగానే అతని గుండె దడదడలాడిందట. మొదటి గుండు పేల్చి, తగిలిందో లేదోనని తల ఎత్తి చూశాడు. తల ఎత్తడంతోనే గురి చెదిరి రెండోది తప్పింది. ఆ కోపంలో తొందరపడితే మూడోదీ తప్పింది. అతని తర్వాత వచ్చిన పన్నెండేళ్ల ఆడపిల్ల మాత్రం నింపాదిగా ఐదు పలకలనూ ఠంగు ఠంగుమని మోగించి వెళ్లిందట. ఇందులో ఒక మంచి ఉంది. ఉక్కు పలక అబద్ధం చెప్పదు. తగిలితే మోగుతుంది, తగలకపోతే మౌనంగా ఉంటుంది. అంపైరును తిట్టడానికి గాని, పక్కవాడిపై నెపం వేయడానికి గాని వీలు లేదు. మన గొప్పతనాన్ని గురించి మనం చెప్పుకునే కథలన్నీ ఆ మౌనం ముందు ఆగిపోతాయి. వినయం నేర్పే బడి ఎక్కడ దొరికినా అది మంచిదే.

అయితే అన్నిటికన్నా ముఖ్యమైనది అంతకు ముందే జరిగింది. ఒక్క తూటా అయినా చేతికివ్వక ముందు అతన్ని కూర్చోబెట్టి నాలుగు నియమాలు చెప్పారు. ప్రతి తుపాకినీ తూటా ఉన్నదన్నట్టే చూడాలి. కాల్చదలచుకోని దేని వైపూ తుపాకి మూతి తిప్పకూడదు. గురి కుదిరేవరకు వేలు ట్రిగ్గరు మీద పెట్టకూడదు. లక్ష్యమే కాదు, లక్ష్యం వెనక ఏముందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఈ చిన్న గుండు కూడా అడ్డు లేకపోతే రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. పలక తప్పినవారికి 3 సెకన్ల శిక్షతో సరి. తుపాకి మూతిని హద్దు దాటి పక్కకు తిప్పినవారిని మాత్రం ఆ క్షణమే పోటీనుంచి తీసివేసి ఇంటికి పంపుతారు. "తూటా లేదండీ", "ఎవరికీ ఏమీ కాలేదు కదండీ", "నా ఉద్దేశం అది కాదండీ" - ఏ మాటా చెల్లదు.

ప్రియ పాఠకులారా, గురి తప్పడం చిన్న దోషం, మూతి తిరగడం పెద్ద దోషం అన్న ఈ లెక్కను ఒకసారి మన జీవితాలకు వేసి చూడండి. మనం దీన్ని తలకిందులు చేసుకున్నాం. పరీక్ష తప్పిన బిడ్డను, పంట పోగొట్టుకున్న భర్తను, వ్యాపారంలో నష్టపోయిన తమ్ముణ్ణి క్షమించలేం. మాటను మాత్రం ఎటు కావాలంటే అటు తిప్పుతాం. కోడలి పుట్టింటి మీదికి తిప్పుతాం. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముడి మీదికి తిప్పుతాం. ఒకే దివ్యబలిపీఠం ముందు మోకరించే తోటి విశ్వాసి కులం మీదికి కూడా తిప్పుతాం. తర్వాత "తమాషాకి అన్నాను, మనసులో ఏమీ లేదు" అంటాం. అంటే తుపాకి ఖాళీ అని మన వాదన. పర్వత ప్రసంగంలో మన ప్రభువు ఈ వాదనను ఒప్పుకోలేదు. నరహత్య చేయవద్దన్న ఆజ్ఞను ఆయన హత్య దగ్గర ఆపలేదు. సోదరునిపై కోపం దాకా, నోరు జారిన దూషణ దాకా తీసుకువెళ్లాడు. గుండు తగిలిందా లేదా అన్నదానికంటే ముందు మూతి ఎవరి వైపు తిరిగిందో ఆయన చూశాడు.

పందెం ఏమిటి?

ఇంతవరకు మంచి వైపు చూశాం. ఇప్పుడు ప్రమాదం వైపు చూద్దాం. దానికి అమెరికా పోనక్కరలేదు, కారంపూడి చాలు.

12వ శతాబ్దంలో మన పల్నాట జరిగిన యుద్ధం కథ మీకు తెలిసినదే. ఆ కథలో విరోధాన్ని ముదిరించినది ఒక కోడిపందెం. కోడి ఓడినందుకు బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం విడిచి ఏడేళ్లు వలస పోవలసి వచ్చింది. గడువు తీరాక రాజ్యభాగం తిరిగి దొరకలేదు. రాయబారం పోయిన అలరాజు తిరిగి రాలేదు. చివరికి కారంపూడి నేలపై ఒకే వంశంవారు, ఒకే భాషవారు ఒకరినొకరు నరుక్కున్నారు. ఆ వీరుల ఆయుధాలకు కార్తీక అమావాస్య నుంచి నేటికీ ఉత్సవాలు జరుగుతూనే ఉన్నాయి.

అక్కడ ఆటవస్తువు ఒక కోడి. తుపాకి కాదు, ఫిరంగి కాదు. పెరట్లో గింజలు ఏరుకునే పక్షి. అయినా ఆ ఆట యుద్ధమయింది, ఎందుకంటే దానిమీద పెట్టిన పందెం కోడి కాదు. రాజ్యం, పరువు, పగ, ఇవన్నీ ఆ కోడికాలికి కట్టారు. ఓటమిని ఆటగా దిగమింగే దారి లేకుండా చేసుకున్నారు. దీన్నిబట్టి ఒక సత్యం తెలుస్తున్నది. యుద్ధపు పనిముట్టు కూడా ఆట కాగలదు, ఓడిపోయి నవ్వుతూ ఇంటికి రాగలిగితే. అమాయకమైన ఆట కూడా యుద్ధం కాగలదు, దానిమీద మన ఆత్మను పందెం పెడితే. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2289వ సంఖ్యలో, క్రీడల్లో విజయాన్ని విగ్రహంగా చేసుకోవద్దని హెచ్చరించడంలోని అర్థం ఇదే. తరువాతి 2290వ సంఖ్యలో వేగంపై మోజుతో ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం ఘోరదోషమని చెబుతుంది. అక్కడి మాట ప్రయాణాల గురించే అయినా, గడియారంతో పోటీపడే తుపాకి ఆటవారు కూడా దాన్ని గుండెకు హత్తుకోవాలి.

బైబులులోనూ ఇలాంటి నిపుణులు ఉన్నారు. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో బెన్యామీను గోత్రానికి చెందిన ఏడు వందల మంది ఎడమచేతి వాటం వారు కనబడతారు. వడిసెలతో రాయి విసిరితే తలవెంట్రుకనైనా తప్పనివారట. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన పెద్దలకు అదెంత గొప్ప విద్యో తెలుసు. కాని ఆ వీరులు నిలబడినది ఎవరి పక్షాన? గిబియాలో ఒక అబల స్త్రీని చెరచి చంపిన దుర్మార్గులను అప్పగించక, కాపాడడానికి నిలబడిన తమ గోత్రం పక్షాన. ఆ సోదర యుద్ధంలో గోత్రమే దాదాపు నాశనమయింది. విచిత్రమేమంటే, వారి గురి తప్పదని చెప్పడానికి హీబ్రూ మూలంలో వాడిన క్రియ, పాపం చేయడానికి హీబ్రువారు వాడే క్రియ ఒక్కటే. ఆ రెండింటికీ మూలార్థం గురి తప్పడమే. వెంట్రుకను తప్పనివారు ధర్మాన్ని తప్పారు. చేతికి ఉన్న గురి హృదయానికి దానంతట అది రాదు.

ఖాళీ అని చూపించడం

ఆ పోటీలో నాకు నచ్చిన మరొక నియమం ఉంది. ఆఖరి పలక మోగినంత మాత్రాన వంతు ముగియదు. ఆటగాడు తూటాలన్నీ తీసివేసి, తుపాకి లోపలి గది ఖాళీ అని పక్కనున్న అధికారికి చూపించాలి. "నాకు తెలుసు, ఖాళీయే" అంటే సరిపోదు, ఇంకొకరి కన్ను చూడాలి. అప్పుడుగాని ఎవరూ పలకల దగ్గరికి నడిచి వెళ్లరు. మనం పాపసంకీర్తనానికి వెళ్లేది కూడా ఇందుకే కదా. "నా మనసులో ఎవరిమీదా ఏమీ లేదు" అని మనకు మనం చెప్పుకోవడం తేలిక. ఆ గది తెరిచి, క్రీస్తు పేరిట కూర్చున్న గురువుకు చూపించడం కష్టం. చూపించాకనే మన ఇంటివారు భయం లేకుండా మన ముందు నడవగలరు.

ఆయుధాన్ని దించగలిగినవాడే దానికి యజమాని. పునీత లొయోల ఇగ్నేషియస్ వారు యోధుడు. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. 1522 మార్చిలో మోంట్సెరాట్ కొండమీద మరియమాత పీఠం వద్ద రాత్రంతా జాగరణ చేసి, తన కత్తిని అక్కడే వదిలి వెళ్లారు. అందరికీ ఆ పిలుపు రాదు. కాని వదలమన్న రోజు వదలగలనా అని ప్రతివారూ అడుగుకోవాలి. తుపాకికే కాదు, పేకముక్కలకూ సెల్‌ఫోనుకూ కూడా ఇదే ప్రశ్న.

తల్లికి జవాబు

అమ్మా, మీ కుమారుడు చేసినది దానంతట అది పాపం కాదు. మీ భయం అవివేకమూ కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో, పని ముగించుకుని స్నేహితునితో కూర్చున్న ఒక తెలుగు ఇంజినీరును ద్వేషం నిండిన ఒకడు తుపాకితో కాల్చి చంపాడు. ఆ హంతకుణ్ణి ఆపబోయి, ముఖపరిచయం కూడా లేని ఒక అమెరికావాడు ఒంటిమీద గుండు దెబ్బ తిన్నాడు. ఒకే చోట, ఒకే ఘటనలో, మనిషి ఏం కాగలడో ఆ రెండు విధాలూ కనబడ్డాయి. అలాంటి దేశంలో ఉన్న బిడ్డ చేతిలో తుపాకి ఉందంటే తల్లికి నిద్ర పట్టకపోవడం సహజం. ఆ దేశపు కతోలిక మేత్రాణులు కూడా తుపాకుల అమ్మకంపై గట్టి అదుపు ఉండాలని ఎన్నోసార్లు కోరారు.

కనుక వాడిని తిట్టవద్దు, అడగండి. ఆ తుపాకి రాత్రిపూట ఎక్కడ ఉంటుంది? రేంజిలో అద్దెకో అరువుకో తీసుకుని అక్కడే ఇచ్చి వస్తున్నాడా, లేక ఇంటికి తెస్తున్నాడా? తెస్తే తాళం వేసి, తూటాలు వేరుగా పెడుతున్నాడా? కోపం వచ్చిన రోజున, మద్యం ముట్టిన రోజున, మనసు కుంగిన రోజున దాని జోలికి పోకుండా ఉండగలడా? ముఖంలేని పలకలతోనే తృప్తి పడుతున్నాడా, లేక మనిషి బొమ్మను కొట్టాలని సరదా పుడుతోందా? అది పుట్టిన రోజున మానుకోమనండి. ఆ పోటీ కోసం ఆదివారం పూజ తప్పుతోందా? ఓడిన రోజున ఫోనులో మీతో నవ్వుతూ మాట్లాడుతున్నాడా? ఇవి తల్లి అడగదగిన ప్రశ్నలు. వీటికి మంచి జవాబులు వస్తే వాడిని ఆడనివ్వండి, మీరు నిద్రపోండి.

చివరిగా మరొక ప్రశ్న కూడా అడగండి. అక్కడ నేర్చుకున్న మొదటి నియమాన్ని ఇంటికి తెచ్చుకున్నాడా? అంటే భార్యతో, స్నేహితులతో, తన కింద పనిచేసేవారితో మాట్లాడేటప్పుడు మూతి ఎటు తిరుగుతున్నదో చూసుకుంటున్నాడా? తెచ్చుకుంటే ఆ శనివారం వృథా పోలేదు. తుపాకి ముఖం ఎరుగని మనకు కూడా ఆ నియమం తప్పదు. ఈ వారం మన ఇంట్లో ఎవరి వైపు ఏ మాట తిప్పామో రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఒకసారి తలచుకుందాం. తిప్పి ఉంటే, ఖాళీయే కదా అని సర్దుకోకుండా, దించి, చూపించి, క్షమాపణ అడుగుదాం.

శాంతికర్తయైన ప్రభువు మన ఇళ్లను, దూరదేశాల్లోని మన బిడ్డలను కాచి కాపాడుగాక.